కారు రేడియేటర్ ఫ్యాన్‌కి మాన్యువల్ స్విచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఎండ ఒక ఎత్తు అయితే, ఆ ఉక్కపోతలో ఎన్ఏడీ దగ్గరో గాజువాక దగ్గరో లారీల వెనక ఇరుక్కుపోయి టెంపరేచర్ ముల్లు వైపే చూస్తూ కూర్చోవడం ఇంకో ఎత్తు. పాత బండ్లు ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఈ ఫ్యాన్ స్విచ్ గురించే. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో వైర్లు వివరించడం కష్టం, తప్పు అర్థమైతే బండి కాలుతుంది కూడా, అందుకని అన్నీ ఒకచోట రాశాను. ఇదంతా 12 వోల్టుల బ్యాటరీతో నడిచే మామూలు పెట్రోలు, డీజిల్ కార్ల సంగతి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల జోలికి దీంతో వెళ్లొద్దు.

ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది కదా, మళ్లీ స్విచ్ ఎందుకు?

తిరిగినంతకాలం అక్కర్లేదు. ఇంజిన్‌లో థర్మోస్టాట్ వాల్వు సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుని, ఇంజిన్ వేడిని మోసే ద్రవమైన కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదులుతుంది. ఫ్యాన్ అంతకంటే కాస్త పైన, చాలా బండ్లలో 92, 98 డిగ్రీల మధ్య ఎక్కడో మొదలై, కొన్ని డిగ్రీలు తగ్గగానే ఆగిపోతుంది. బండి యాభై మీద పోతుంటే ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాన్‌తో పనిలేదు. పని పడేది బండి ఆగినప్పుడు, నత్తనడక ట్రాఫిక్‌లో, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు. సరిగ్గా అప్పుడే పదిహేనేళ్ల నాటి థర్మో స్విచ్, అంటే కూలెంట్ వేడిని బట్టి ఫ్యాన్ వేసే స్విచ్, మొండికేస్తే డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు. స్విచ్ ఉంటే ఆ పూటకి బండి ఇంటికి చేరుతుంది. రెండో లాభం, ఘాట్ మొదలవ్వకముందే ఫ్యాన్ వేసుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను, ఈ పేజీలో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. స్విచ్ అనేది కంపెనీ ఇచ్చిన ఆటోమేటిక్ ఏర్పాటుకి తోడుగా ఉండాలి, దాని స్థానంలో కాదు. స్విచ్ ఆపేసి ఉన్నా ఫ్యాన్ తన టైముకి తాను తిరగాలి. ఎందుకంటే మీరు ఒకరోజు వెయ్యడం మర్చిపోతారు, లేదా బండి మీ తమ్ముడు తీసుకెళ్తాడు, అతనికి ఆ స్విచ్ ఉన్న సంగతే తెలీదు. ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోవడానికి ఆ ఒక్కరోజు చాలు.

నా బండికి పెట్టొచ్చా?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి బండ్లలో ఫ్యాన్ ఇంజిన్ బలంతోనే తిరుగుతుంది, అక్కడ స్విచ్ అనే ప్రశ్నే లేదు. మారుతి 800 తరం కార్లలో, థర్మో స్విచ్‌తో నడిచే ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటే హాయిగా పెట్టుకోవచ్చు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఫ్యాన్‌ని నడిపే బండ్లలో కూడా వీలవుతుంది కానీ జాగ్రత్తలు వేరే ఉన్నాయి, కింద రాశాను. ఫ్యాన్ దగ్గరికి రెండు లావు వైర్లతో పాటు ఒక సన్న సిగ్నల్ వైరు కూడా వెళ్తుంటే అది వేగం మార్చుకునే రకం ఫ్యాన్, దాన్ని ముట్టుకోవద్దు. వారంటీలో ఉన్న బండిలో ఒక్క వైరు కూడా కోయకండి.

ఫ్యాన్ అస్సలు తిరగట్లేదు, స్విచ్ పెట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు, ముందు ఎందుకు తిరగట్లేదో చూడాలి. మోటారే పోయుంటే ఎన్ని స్విచ్‌లు పెట్టినా అంతే కదా.

మొదట చూడాల్సింది కరెంటు కాదు, కూలెంట్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి లోపల నిండుగా ఉందో లేదో చూడండి. వేడి మీద మాత్రం ఎవరు చెప్పినా ఆ మూత తీయొద్దు, ఒత్తిడితో మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ తగ్గితేనో లోపల గాలి చేరితేనో థర్మో స్విచ్ కొన దగ్గర నీళ్లుండవు, అక్కడ ఉండేది ఆవిరో గాలో. ఇంజిన్ కాలిపోతున్నా దానికి ఆ వేడి సరిగ్గా అందదు, ఫ్యాన్ వెయ్యదు. స్విచ్ పాడైందనుకుని మార్చేస్తారు, అసలు లోపం హోస్ క్లిప్పు దగ్గర చుక్క చుక్కగా కారుతున్న లీకు అయ్యుంటుంది.

తర్వాత ఫ్యూజు. అది బాగుంటే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకి కరెంటు ఇవ్వండి. తిరగకపోతే మోటారు పోయింది. మెల్లగా తట్టినప్పుడు తిరిగి, మళ్లీ ఆగిపోతే బ్రష్‌లు అరిగిపోయాయని అర్థం. మోటారు తిరిగితే థర్మో స్విచ్ దగ్గరికి రండి. కీ ఆన్ చేసి, థర్మో స్విచ్ కనెక్టర్ ఊడదీసి, కనెక్టర్‌లోని రెండు వైర్లనీ చిన్న వైరు ముక్కతో కలపండి. ఒకటే వైరు ఉన్న రకమైతే దాన్ని బాడీకి తాకించండి. ఫ్యాన్ తిరిగిందంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి, తీసే స్విచ్), ఫ్యూజు, వైరింగ్ అన్నీ బాగున్నట్టే, థర్మో స్విచ్ ఒక్కటే పోయింది. అది చిన్న సామాను, ముందు అది మార్చండి, ఆ తర్వాతే మాన్యువల్ స్విచ్ సంగతి. తిరగకపోతే రిలే మార్చి చూడండి, చాలా బండ్లలో హారన్ రిలే కూడా అదే నంబరుది ఉంటుంది, ఒక నిమిషం ఇటూ అటూ మార్చి చూస్తే తేలిపోతుంది.

ఈసీయూ బండ్లలో మాత్రం అక్కడ ఉండేది స్విచ్ కాదు, సెన్సర్. దాని వైర్లు కలపకూడదు.

బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్‌కి, అక్కడి నుంచి ఫ్యాన్‌కి నేరుగా వైరు లాగేస్తే పోదా? రిలే ఎందుకు?

మా బావగారి పాత 800కి ఒక షాపులో సరిగ్గా ఇలాగే చేసిచ్చారు. నెల రోజులు బాగానే పనిచేసింది. వేసవిలో ఒకరోజు మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వైపు వెళ్తుంటే అక్కయ్య వెనక సీట్లోంచి ఏదో కాలుతున్న వాసన అంది. ముందు వెళ్తున్న లారీ బ్రేకులనుకున్నాం. కాసేపటికి స్టీరింగ్ కింద నుంచి సన్నగా పొగ. బండి పక్కకి తీసి, బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీసేసరికి నా చేతులు వణికాయి. తర్వాత స్విచ్ బయటికి లాగి చూస్తే వెనక ప్లాస్టిక్ లక్కలా కరిగి రెండు పిన్నుల మధ్య కారిపోయి ఉంది, ఎర్ర వైరు తొడుగు జానెడు మేర గోధుమరంగులోకి మారి పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఆ వైరు సీలింగు లైటుకి వాడేంత సన్నది, పైగా బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు ఆ రోజు.

చిన్న బండి ఫ్యాన్ కూడా సుమారు 7 నుంచి 10 ఆంపియర్లు తింటుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. డ్యాష్‌బోర్డు స్విచ్‌లు చాలావాటికి గంటల తరబడి అంత మోసే శక్తి ఉండదు, స్విచ్ మీద ఏ అంకె అచ్చేసి ఉన్నా సరే. రిలే పెడితే ఆ పెద్ద కరెంటు బానెట్ కిందే ఉండిపోతుంది, స్విచ్ గుండా వెళ్లేది రిలే కాయిల్‌కి కావలసిన 0.2 ఆంపియర్ల లోపే.

రిలే మీద 30, 85, 86, 87 అని ఉంటాయి, అవేంటి?

85, 86 కాయిల్ కొనలు. 30 ఉమ్మడి పిన్ను. కాయిల్‌కి కరెంటు లేనప్పుడు 30 అనేది 87ఎతో కలిసి ఉంటుంది, కరెంటు రాగానే టిక్కుమని దాన్ని వదిలేసి 87ని పట్టుకుంటుంది. నాలుగు పిన్నుల రిలేకి 87ఎ ఉండదు. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: ఐదు పిన్నులున్న రిలేలు రెండు రకాలు, కొన్నింటిలో మధ్య పిన్ను కూడా 87యే, 87ఎ కాదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. షాపులో తిరగేసి పిన్ను పక్కన రాసింది చదివి, 40/30 ఆంపియర్లు అని ఉన్నది తీసుకోండి. రిలే మీది బొమ్మలో డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం) గీసి ఉంటే 86కి ప్లస్, 85కి ఎర్త్ తప్పనిసరిగా అలాగే ఇవ్వాలి, తారుమారు చేస్తే డయోడ్ పోతుంది.

నాలుగు పిన్నుల రిలే పెట్టి కొత్త వైరుని ఫ్యాన్ వైరుకి కలిపేస్తే పని అయిపోతుందిగా?

చాలామంది అలాగే చేస్తారు, చాలా బండ్లలో నడిచిపోతుంది కూడా. కొన్నింటిలో మాత్రం విచిత్రం జరుగుతుంది, కీ తీసేసినా ఇంజిన్ ఆగదు. ఫ్యాన్‌కి కంపెనీ ఇచ్చిన కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా కీ దాటాక వచ్చే లైన్ నుంచి ఉందనుకోండి. మీ స్విచ్ ఆన్‌లో ఉంది, అదే సమయంలో థర్మో స్విచ్ కూడా కలిసింది. ఇప్పుడు కీ ఆఫ్ చేసినా మీ కొత్త రిలే ఇచ్చిన కరెంటు ఫ్యాన్ వైరు గుండా వెనక్కి నడిచి, థర్మో స్విచ్ దాటి, కీ లైన్‌లోకి చేరుతుంది. ఇగ్నిషన్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది, మీ రిలే కాయిల్‌కి కూడా అదే లైన్ కాబట్టి అదీ వదలదు. దీన్ని వెతకడానికి ఎలక్ట్రీషియన్లు రోజంతా కూర్చున్న సందర్భాలు చూశాను.

అందుకే నేను ఎవరికి చెప్పినా ఐదు పిన్నులదే చెబుతాను. అందులో రెండు కరెంట్లూ ఎప్పుడూ కలవవు, ఫ్యాన్‌కి ఒక సమయంలో ఒక్క దారే.

సరే, వరసగా ఎలా చెయ్యాలో చెప్పండి.

ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టండి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కకి కట్టెయ్యండి. కొన్ని బండ్లలో కీ లేకపోయినా ఫ్యాన్ తిరుగుతుంది, చేతి వేళ్లు అందులో ఉన్నప్పుడు ఆ సంగతి తెలియడం మంచిది కాదు.

రిలేని బ్యాటరీకి దగ్గర్లో, ఇంజిన్ వేడి, చక్రాల నీళ్లు తగలనిచోట, పిన్నులు కిందికి చూసేలా బిగించండి. ఫ్యాన్‌కి వెళ్లే ప్లస్ వైరుని ఫ్యాన్ కనెక్టర్ నుంచి జానెడు దూరంలో కోయండి. ఏది ప్లస్సో రంగు చూసి ఊహించకండి, బ్యాటరీ టెర్మినల్ తీయకముందే, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు మీటర్ పెట్టి గుర్తు పెట్టుకోండి. ఫ్యాన్ వైపు ముక్క 30కి వస్తుంది, బండి వైపు నుంచి వచ్చే ముక్క 87ఎకి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు తీసి, మధ్యలో ఫ్యూజు పెట్టి 87కి ఇవ్వండి. ఆ ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, జానెడు లోపు ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకి ముందున్న వైరు ముక్కని కాపాడేది ఏదీ లేదు. పది ఆంపియర్ల ఫ్యాన్‌కి 20 ఆంపియర్ల ఫ్యూజు చాలు, పసుపు రంగుది. అది మాటిమాటికీ పోతుంటే 30ది పెట్టకండి, మోటారు బిగుసుకుపోయిందేమో చూడండి.

ఇక సన్న వైర్లు, ఇవి 0.75 లేదా 1 స్క్వేర్ ఎంఎం చాలు. కీ ఆన్ చేసినప్పుడే కరెంటు వచ్చే లైన్ ఒకటి ఫ్యూజు బాక్సులో టెస్ట్ ల్యాంపుతో వెతికి పట్టుకోండి. అక్కడి నుంచి 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత స్విచ్, స్విచ్ నుంచి రిలే 86. 85ని బాడీకి ఎర్త్ చెయ్యండి, పెయింటు గీకి రేకు మెరిసేదాకా తుడిచి, వైరు కొనకి లగ్గు (లోహపు రింగు) పెట్టి బోల్టు బిగించండి. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వైరు తెచ్చేటప్పుడు రేకు గోడలో ఇప్పటికే ఉన్న రబ్బరు బుష్ గుండానే తీసుకురండి. పచ్చి రంధ్రం పెట్టి లాగితే ఆ రేకు అంచు ఏడాదిలో వైరుని కోసేస్తుంది.

చివర్లో బ్యాటరీ నెగటివ్ తిరిగి బిగించి, నాలుగు పరీక్షలు. కీ ఆన్, స్విచ్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరగాలి. కీ ఆఫ్ చేస్తే ఆగాలి. ఫ్యాన్ తిరుగుతుండగా మీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన ఫ్యాన్ ప్లస్‌కి పెడితే అర వోల్టుకి మించి చూపకూడదు, మించితే ఎక్కడో జాయింటు సరిగ్గా లేదు. ఆఖరిది, అందరూ వదిలేసేది: స్విచ్ ఆఫ్ చేసి, ఏసీ ఆపి, బండిని స్టార్టింగ్‌లో ఉంచి పక్కనే నిలబడండి, ఫ్యాన్ దానంతటదే మొదలయ్యేదాకా. పావుగంట పట్టినా సరే. 87ఎ పనిచేస్తోందని తెలిసేది దాంతోనే.

మా బండిలో ఫ్యాన్‌కి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, ఎర్త్ వైపే థర్మో స్విచ్ ఉంది. అప్పుడో?

అప్పుడు పని సులువు. నాలుగు పిన్నుల రిలే తీసుకుని 30ని ఫ్యాన్ నెగటివ్ వైరుకి, 87ని బాడీకి కలపండి, కాయిల్ పైన చెప్పినట్టే. థర్మో స్విచ్‌ని కదిలించక్కర్లేదు. ఇంకా సులువైనది, థర్మో స్విచ్ కంపెనీ రిలే కాయిల్‌ని మాత్రమే ఎర్త్ చేసే బండ్లు: థర్మో స్విచ్‌కి సమాంతరంగా డ్యాష్‌బోర్డు నుంచి ఒక సన్న వైరు చాలు, కొత్త రిలే, కొత్త ఫ్యూజు ఏమీ వద్దు. మీది ఏ రకమో తేలకపోతే తెలిసినవాళ్లకి చూపించండి.

ఈసీయూ ఉన్న బండిలో ఫ్యాన్ రిలే సన్న వైరుని స్విచ్‌తో ఎర్త్ చేస్తే సరిపోతుందని ఒకరన్నారు.

ఫ్యాన్ తిరుగుతుంది, కానీ ఆ వైరు మీద తాను ఆపినప్పుడు ఎంత వోల్టేజి ఉండాలో ఈసీయూ గమనిస్తూ ఉంటుంది. లేకపోతే లోపం కింద రాసుకుని ఇంజిన్ లైటు వెలిగించొచ్చు, ఆ లోపం కోడ్ సాధారణంగా పి0480 లాంటిది. అందుకే ఈసీయూ వైర్లు కదపకుండా, పైన చెప్పిన ఐదు పిన్నుల పద్ధతిలో ఫ్యాన్ దగ్గరే పని చెయ్యండి. రెండు వేగాల ఫ్యాన్ అయితే వైరింగ్ బొమ్మ చూడకుండా మొదలుపెట్టొద్దు.

స్విచ్‌కి కరెంటు బ్యాటరీ నుంచే తీసుకుంటే కీ తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది కదా, మంచిదే కదా?

మర్చిపోతే తెల్లారేసరికి సెల్ఫ్ కొట్టదు. 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ మీద పది ఆంపియర్ల ఫ్యాన్ మూడు, మూడున్నర గంటల్లో మొత్తం ఖాళీ చేసేస్తుంది. పైగా ఇంజిన్ ఆపితే నీళ్ల పంపు కూడా ఆగుతుంది, ఫ్యాన్ చల్లబరిచేది రేడియేటర్‌లో నిలిచిన నీళ్లనే, ఇంజిన్‌లో ఉన్నవాటిని కాదు. వేడెక్కిన ఇంజిన్‌ని చల్లార్చాలంటే ఫ్యాన్ వేసి రెండు మూడు నిమిషాలు స్టార్టింగ్‌లోనే ఉంచడం మేలు.

రోజంతా ఆన్‌లోనే ఉంచేస్తే?

మోటారు బ్రష్‌లు ఊరికే అరుగుతాయి, ఆల్టర్నేటర్ మీద భారం. థర్మోస్టాట్ వాల్వు ఉన్నంతవరకు ఇంజిన్ మరీ చల్లబడిపోదు. కానీ మన దగ్గర బండి హీట్ అవుతోందనగానే ఆ వాల్వు తీసి పారేసే అలవాటొకటి ఉంది, అలాంటి బండిలో రోజంతా ఫ్యాన్ వేస్తే ఇంజిన్ సరైన వేడికి రాక మైలేజి పడిపోతుంది. వాల్వు తిరిగి పెట్టించండి.

అరకు వెళ్తున్నాం, ఎప్పుడు వెయ్యాలి?

శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యే ముందే వెయ్యండి, ముల్లు పైకి వెళ్లాక కాదు. అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు బండి రెండో గేరులో మూలుగుతూ పోతుంది, ఇంజిన్ మీద బరువు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. ముల్లు మామూలు చోటు దాటిందంటే ముందు ఏసీ ఆపండి, ఇంకా పెరుగుతుంటే ఖాళీ చోటు చూసి ఆపి ఫ్యాన్‌తో స్టార్టింగ్‌లో ఉంచండి. నీళ్లు కారిపోతున్నా, ఆవిరి వస్తున్నా వెంటనే ఇంజిన్ ఆపెయ్యండి. కాలుతున్న ఇంజిన్ మీద, రేడియేటర్‌లో చన్నీళ్లు పొయ్యకండి, హెడ్ పగులుతుంది. ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే సంబరపడకండి, సెన్సర్ దగ్గర నీళ్లు అయిపోతే కూడా అలాగే చూపిస్తుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, అయినా వేడెక్కుతోంది.

గాలి ఎటు పోతోందో చూడండి. మోటారు వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఎదురు తిరిగి, రేడియేటర్ లోంచి గాలిని ఇంజిన్ వైపు లాగాల్సింది బయటికి నెడుతుంది. బంపర్ వైపు నుంచి రేడియేటర్ ముందు ఒక కాగితం పెడితే అతుక్కోవాలి. అతుక్కుంటే మూత రబ్బరు, వాల్వు, పంపు, రేడియేటర్ లోపలి తుప్పు ఇలా ఒక్కోటీ చూసుకుంటూ పోవాలి. బోరు నీళ్లు పోసే బండ్లలో రేడియేటర్ గొట్టాలు తెల్లటి సున్నంతో పూడిపోయి ఉంటాయి, దానికి ఏ ఫ్యాన్ కూడా ఏమీ చెయ్యలేదు.

బీచ్ రోడ్డులో ఉంటాం. ఆర్నెల్లకే కనెక్షన్లు పచ్చగా అయిపోతున్నాయి.

ఉప్పుగాలి పని అది. వైరు మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు సముద్రానికి దగ్గర ఒక వర్షాకాలం కూడా నిలవదు. పచ్చటి చిలుము తొడుగు లోపలికి పాకుతుంది, పైనుంచి చూస్తే వైరు కొత్తదిలానే ఉంటుంది, ఒలిచి చూస్తే రాగి నల్లగా పొడైపోయి ఉంటుంది. లగ్గు గట్టిగా క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేడి చేసి వెయ్యండి, ఎర్త్ బోల్టు మీద గ్రీజు పుయ్యండి. వర్షాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి రిలే సాకెట్ ఊడదీసి పిన్నులు చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ రంగు మారిందంటే అక్కడ కాంటాక్టు వదులైందని లెక్క, సాకెట్ మార్చెయ్యండి.

నాకు ఇదంతా చెయ్యడం రాదు. ఎలక్ట్రీషియన్‌కి ఏమని చెప్పాలి?

ఆటోనగర్‌లో మంచి పనివాళ్లున్నారు, మీరు అడగాల్సింది సరిగ్గా అడగండి. "అన్నా, ఐదు పిన్నుల రిలే పెట్టు, 87ఎ ఉన్నదే కావాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టు, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఫ్యాన్ ఆటోమేటిక్‌గా తిరగాలి" అనండి. స్విచ్‌లో చిన్న లైటు ఉండేది పెట్టించుకోండి, రాత్రిపూట ఆన్‌లో ఉందో లేదో కనబడుతుంది, మోకాలు తగలని చోట బిగించమనండి. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు, అక్కడే బండి స్టార్టింగ్‌లో ఉంచి, ఆ నాలుగో పరీక్ష మీ కళ్లముందే చేయించుకోండి.